గ్రూపులో కొత్తగా చేరినవాళ్లకి ఏ పర్మిషన్ ఎప్పుడివ్వాలి? టెలిగ్రామ్, వాట్సాప్, డిస్కార్డ్ అడ్మిన్ల కోసం

టెలిగ్రామ్‌లో ఏదైనా ఒక ఫోన్ మోడల్ గ్రూపు తీసుకోండి. రాత్రి 2 గంటలకి ముగ్గురు కొత్తవాళ్లు చేరారనుకుందాం. మొదటివాడు "ఇంట్లో కూర్చుని రోజుకి 5,000" అని ఒక లింకు పెట్టి మాయమవుతాడు. రెండోవాడు "కొత్త జీక్యామ్ బ్రో, నైట్ మోడ్ అదిరింది" అంటూ ఒక ఏపీకే ఫైల్ పడేస్తాడు. మూడో మనిషి ఫోన్ అప్‌డేట్ చేశాక లోగో దగ్గరే ఆగిపోయింది. లోపల అక్క పెళ్లి ఫొటోలున్నాయి, ఎక్కడా బ్యాకప్ లేదు. ఏం చేయాలో తెలీక తమ్ముడి ఫోన్‌లోంచి స్క్రీన్ ఫొటో తీసి పెట్టి "హెల్ప్ ప్లీజ్" అని అడుగుతాడు.

పొద్దున్నే లేచిన అడ్మిన్‌కి ఆ రెండు చెత్త మెసేజ్‌లు చూసి తిక్కరేగుతుంది. కొత్తవాళ్లందరికీ 24 గంటలు మెసేజ్ పెట్టడం బంద్. దీనివల్ల మొదటి ఇద్దరికీ పోయిందేమీ లేదు, వాళ్ల దగ్గర ఇంకో యాభై అకౌంట్లు రెడీగా ఉంటాయి. ఇరుక్కుంది మూడోవాడు. ఎవరూ జవాబివ్వకపోయేసరికి యూట్యూబ్‌లో దొరికిన ఏదో వీడియో చూసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తాడు, ఫొటోలన్నీ పోతాయి.

మన గ్రూపుల్లో కొత్త మెంబర్ల పర్మిషన్లు ఎక్కువగా ఇలాగే నడుస్తున్నాయి. అయితే తలుపులు బార్లా తీసి పెట్టడం, లేకపోతే మొత్తం తాళం వేసేయడం. నిజానికి టెలిగ్రామ్‌లోనూ డిస్కార్డ్‌లోనూ మధ్యలో చాలా మెట్లున్నాయి. వాట్సాప్‌లో తక్కువే కానీ, అక్కడ కూడా దారి ఉంది.

మాట వల్ల నష్టం తక్కువ

కొత్తగా చేరినవాడు ఉత్త టెక్స్ట్ రాస్తే మహా అయితే చిరాకు పుడుతుంది. వెయ్యోసారి అడిగిన ప్రశ్నే అడుగుతాడు, "ఏ ఫోన్ కొనాలి" అంటాడు, అంతకు మించి ఏమీ కాదు. నష్టం చేసేవి వేరే నాలుగున్నాయి: లింకు, ఫైలు, వేరే చోట్నుంచి ఫార్వర్డ్ చేసిన పోస్టు, మెంబర్లకి నేరుగా వెళ్లే ప్రైవేట్ మెసేజ్. మొదటి వారం ఆపాల్సింది వీటిని.

ఫైల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆర్టీవో చలాన్, పీఎం కిసాన్, బ్యాంక్ కేవైసీ, చివరికి పెళ్లి పత్రిక పేరుతో కూడా ఏపీకేలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ పదేపదే హెచ్చరిస్తున్నారు. ఇన్‌స్టాల్ చేయగానే ఆ యాప్ ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ అడుగుతుంది. ఇచ్చామంటే ఓటీపీలు అవతలికి పోతాయి. అక్కడితో ఆగదు, ఆ ఓటీపీతోనే బాధితుడి వాట్సాప్ కూడా లాక్కుని, అతను ఉన్న గ్రూపులన్నిట్లో అదే ఫైల్ పెడతారు. అంటే ఆరేళ్లుగా గ్రూపులో ఉన్న పాత మెంబర్ పేరు మీదే ఏపీకే రావచ్చు. అందుకే కాలనీ గ్రూపు, క్లాస్‌మేట్స్ గ్రూపు లాంటి చోట ఏపీకే ఎవరు పెట్టినా తీసేయాల్సిందే, పాతా కొత్తా తేడా లేదు. కస్టమ్ రామ్, జీక్యామ్ గ్రూపుల్లో అలా కుదరదు, అక్కడ ఫైళ్లే ప్రాణం. అలాంటి గ్రూపులో ఫైల్ పెట్టే హక్కు నలుగురైదుగురు తెలిసిన డెవలపర్లకో టెస్టర్లకో ఇచ్చి, మిగతావాళ్లకి మూసేయడం మంచిది. పక్క మోడల్‌కి చేసిన ఫైల్‌ని ఫ్లాష్ చేసి ఫోన్‌ని ఇటుకరాయి చేసుకునే కేసులు కూడా దాంతో తగ్గుతాయి.

టెలిగ్రామ్‌లో ఏముంది, ఏం లేదు

గ్రూప్ ఎడిట్‌లోకి వెళ్లి పర్మిషన్స్ తెరిస్తే టెక్స్ట్, ఫొటోలు, వీడియోలు, ఫైల్స్, వాయిస్, స్టిక్కర్లు, పోల్స్ అన్నిటికీ విడివిడిగా స్విచ్‌లుంటాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడే స్విచ్ ఒకటుంది, పేరు ఎంబెడ్ లింక్స్. ఇది ఆఫ్ చేస్తే లింకులు ఆగిపోతాయనుకుంటారు. ఆగవు. లింకు కింద వచ్చే ఫొటో, టైటిల్ ఉన్న ప్రివ్యూ మాత్రమే పోతుంది. లింకు శుభ్రంగా పోస్ట్ అవుతుంది, నొక్కితే తెరుచుకుంటుంది కూడా. లింకులు నిజంగా ఆపాలంటే బాట్ కావాల్సిందే.

ఇంకో లోటు. టెలిగ్రామ్ ఇచ్చే ఈ స్విచ్‌లు గ్రూపు మొత్తానికి వర్తిస్తాయి. ఒక్కో మనిషిని పట్టుకుని ఇంకా కట్టడి చేయొచ్చు, ఒక రోజు, ఒక వారం, ఒక నెల అని గడువు కూడా పెట్టొచ్చు. కానీ "చేరి మూడు రోజులైతే ఫైల్స్ తెరవు" అనే ఆటోమేటిక్ మెట్టు అందులో లేదు. అలాగే గ్రూపు మొత్తానికి ఫైల్స్ మూసేసి, ఒక పాత మెంబర్‌కి మాత్రం మామూలు మెంబర్‌గా ఉంచే తెరవడం కుదరదు.

దీనికి ఒక చిట్కా ఉంది. గ్రూపు డిఫాల్ట్‌ని టెక్స్ట్, ఫొటోలు, వాయిస్ వరకే ఉంచండి. నమ్మకమైన పాతవాళ్లని అడ్మిన్లుగా చేర్చి, వాళ్లకి ఏదో ఒక చిన్న హక్కు మాత్రం వదిలి, డిలీట్, బ్యాన్, కొత్త అడ్మిన్లని చేర్చడం లాంటివన్నీ ఆఫ్ చేయండి. అడ్మిన్లకి గ్రూపు డిఫాల్ట్ కట్టడి వర్తించదు, స్లో మోడ్ కూడా వర్తించదు. ఫైల్ పెట్టే స్వేచ్ఛ వాళ్లకి వచ్చేస్తుంది, పెత్తనం మాత్రం రాదు. అయితే పేరు పక్కన అడ్మిన్ అని పడుతుంది. దాన్ని "టెస్టర్" అనో "పాత కాపు" అనో మార్చుకునే వీలుంది. మార్చండి, లేకపోతే ప్రతి కొత్తవాడూ పాపం అతన్నే గోకుతుంటాడు.

ఫొటోలు ఎందుకు తెరిచి ఉంచమంటున్నానంటే, ఫోన్ల గ్రూపులో సగం ప్రశ్నలు స్క్రీన్‌షాట్ లేకుండా అర్థం కావు. వాయిస్ కూడా అంతే. తెలుగు టైప్ చేయడం రానివాళ్లు, ఇంగ్లీష్ రాయలేనివాళ్లు వాయిస్‌లో హాయిగా చెప్పగలరు. స్పామ్ పెట్టేవాడు వాయిస్ జోలికి దాదాపు రాడు, అది వాడికి టైమ్ దండగ.

స్లో మోడ్ 2019 నుంచి ఉంది. ఒక మెసేజ్ పెట్టాక మళ్లీ పెట్టాలంటే 10 సెకన్ల నుంచి గంట దాకా ఆగేలా చేయొచ్చు. కొత్త ఫోన్ లాంచ్ రోజు గోలకి బాగా పనికొస్తుంది. స్పామ్‌కి మాత్రం పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే స్పామర్‌కి ఒక్క మెసేజ్ చాలు.

చేరే చోటే ఆపాలనుకుంటే ఇన్వైట్ లింకుకి అడ్మిన్ అప్రూవల్ పెట్టొచ్చు. 200 మంది ఉన్న గ్రూపుకి ఇది బాగుంటుంది. 20,000 మంది ఉన్నచోట పెడితే రిక్వెస్టులు అప్రూవ్ చేయడమే ఒక ఉద్యోగమైపోతుంది. జీతం కూడా ఉండదు.

బాట్ పెట్టే ముందు

రోజ్, కాంబాట్ లాంటి బాట్లు చాలా గ్రూపుల్లో చూసే ఉంటారు. కొత్తవాడు చేరగానే మ్యూట్ చేసి, బటన్ నొక్కాకో చిన్న లెక్క చెప్పాకో నోరు తెరుస్తాయి. ఉత్త స్క్రిప్టులతో వచ్చే అకౌంట్లు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. మనుషుల్ని పెట్టి నడిపేవి మాత్రం లోపలికొచ్చేస్తాయి.

ఇక్కడ మన గ్రూపులకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. బాట్ మెసేజ్ డిఫాల్ట్‌గా ఇంగ్లీష్‌లో ఉంటుంది. చిన్న టైమర్ పెట్టి నొక్కకపోతే బయటికి గెంటేలా సెట్ చేస్తారు. అది చదివి అర్థం చేసుకునే లోపు మనవాడు బయటుంటాడు, ఏం జరిగిందో కూడా తెలీదు. మొదటి పని, ఆ మెసేజ్‌ని తెలుగులోకి మార్చండి. ఇలా రాస్తే సరిపోతుంది: "నమస్తే, మీరు మనిషేనని తెలియడానికి కింద బటన్ నొక్కండి. వెంటనే ప్రశ్న అడగొచ్చు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, సమస్య ఎప్పుడు మొదలైందో రాయండి. ఫొటో, వాయిస్ పెట్టొచ్చు. లింకులు, ఫైళ్లు మొదటి 3 రోజులు వెళ్లవు." రెండో పని, గెంటేయడం తీసేసి మ్యూట్‌లోనే ఉంచండి. సాయంత్రం చూసుకుని బటన్ నొక్కినా పనైపోతుంది.

పదాల ఫిల్టర్ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ఇంగ్లీష్ అక్షరాల్లో "డబ్బులు" అని మనవాళ్లు ఎన్ని రకాల స్పెల్లింగుల్లో కొడతారో మీకు తెలిసిందే. ఒకటి పడితే ఇంకోటి జారిపోతుంది. దానికి తోడు స్పామర్లు ఇంగ్లీష్ అక్షరంలా కనిపించే రష్యన్ అక్షరాలు వాడతారు. కంటికి ఒకటే, ఫిల్టర్‌కి వేరు. పైగా "ఏపీకే", "ఫ్రీ", "ఆఫర్" అని నిషేధిస్తే ఫోన్ల గ్రూపులో మాట్లాడుకోవడానికి ఇంకేం మిగులుతుంది? దానికంటే లింకులన్నీ ఆపి, ఫోన్ స్పెసిఫికేషన్ల సైట్లు, గిట్‌హబ్, యూట్యూబ్, మీ సొంత ఛానెల్ లాంటివాటిని అనుమతి జాబితాలో పెట్టుకోవడం నయం.

బాట్‌ని అడ్మిన్ చేశారంటే గ్రూపులో ప్రతి మెసేజూ దానికి అందుతుందన్న సంగతి గుర్తుంచుకోండి. డిలీట్, బ్యాన్ హక్కులు ఇస్తే చాలు. కొత్త అడ్మిన్లని చేర్చే హక్కు మాత్రం ఏ బాట్‌కీ ఇవ్వొద్దు.

వాట్సాప్‌లో

ఇక్కడ ఒక్కో మెంబర్‌ని విడిగా మ్యూట్ చేసే సెట్టింగ్ లేదు. 2018లో వచ్చిన "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టాలి" అన్న స్విచ్ ఉంది, అది వేస్తే అందరి నోరూ ఒకేసారి మూతపడుతుంది. 2023లో కొత్త మెంబర్లని అప్రూవ్ చేసే ఆప్షన్ వచ్చింది. గ్రూప్ పర్మిషన్స్‌లో దాన్ని ఆన్ చేయండి, పక్కనే "ఇతరులని చేర్చడం" అన్నది మెంబర్లకి ఆఫ్ చేయండి. చాలా గ్రూపులకి ఈ రెండే సగం మందు.

ఇన్వైట్ లింకుని పబ్లిక్‌గా ఎక్కడా పెట్టొద్దు. 2020లో వాట్సాప్ గ్రూపుల ఇన్వైట్ లింకులు గూగుల్ సెర్చ్‌లో దొరికాయని పెద్ద గోల జరిగింది గుర్తుందా? లింకు ఒకసారి బయట తిరిగిందని అనుమానమొస్తే రీసెట్ చేసేయండి, పాతది పనిచేయదు.

మెట్లు కావాలంటే కమ్యూనిటీ పెట్టి రెండు గ్రూపులు చేసుకోవాలి. ఒకటి "కొత్తవాళ్ల డౌట్లు", ఇంకోటి అసలు గ్రూపు. మొదటిదాంట్లో ఎవరైనా చేరి అడగొచ్చు, నలుగురు పాతవాళ్లు అక్కడ కాపలా ఉంటారు. వారమో రెండు వారాలో సరిగ్గా ఉన్నవాళ్లని అసలు గ్రూపులోకి తీసుకోండి. ఏపీకే పడినా ముందు ఆ చిన్న గ్రూపులోనే పడుతుంది. పడ్డది అడ్మిన్ అందరికీ డిలీట్ చేయొచ్చు, కానీ అప్పటికే డౌన్‌లోడ్ అయిన ఫోన్లలోంచి ఫైల్ పోతుందన్న గ్యారంటీ లేదు. అందుకని డిలీట్ చేసి ఊరుకోకుండా "ఇది నొక్కొద్దు, నొక్కినవాళ్లు నెట్ ఆఫ్ చేసి 1930కి ఫోన్ చేయండి" అని రాయండి.

కేసుల భయం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. మెంబర్ పెట్టిన పోస్టుకి కేవలం అడ్మిన్ అయినందుకే నేరం అంటగట్టలేమని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్ తెలిసీ అందులో చేయి కలిపితే మాత్రం సంగతి వేరు.

డిస్కార్డ్

గేమింగ్ సర్వర్లు నడిపేవాళ్లకి ఇది తెలిసిన వ్యవహారమే, కాబట్టి క్లుప్తంగా. వెరిఫికేషన్ లెవెల్‌ని మీడియంలో పెడితే అకౌంట్ తెరిచి 5 నిమిషాలు దాటాలి, హైలో పెడితే సర్వర్‌లో చేరి 10 నిమిషాలు దాటాలి, ఆఖరిదాంట్లో ఫోన్ నంబర్ వెరిఫై చేయాలి. హై చాలు. ఫైల్ అటాచ్ చేసే హక్కు రోల్ బట్టి ఇవ్వొచ్చు కాబట్టి టెలిగ్రామ్‌లో చెప్పుకున్న అడ్మిన్ చిట్కా ఇక్కడ అక్కర్లేదు. లింకులకి ఆటోమాడ్ ఉంది.

మెట్టు ఎక్కడానికి ఏం లెక్కపెట్టాలి?

అసలు తలనొప్పి ఇక్కడే. సులువుగా తట్టేది మెసేజ్‌ల సంఖ్య. "10 మెసేజ్‌లు పెట్టినవాళ్లకి లింకులు ఓపెన్." ఎక్స్‌డీఏలో ఈ ప్రయోగం ఎప్పుడో జరిగింది. 10 పోస్టులు దాటనివాళ్లు డెవలప్‌మెంట్ విభాగాల్లో రాయకూడదని రూలు పెడితే, జనం వేరే చోట్ల "థాంక్స్", "నైస్ వర్క్" అని పది సార్లు కొట్టి లోపలికొచ్చారు. ఏది లెక్కపెడితే అదే పండుతుంది మరి.

స్టాక్ ఓవర్‌ఫ్లో ఇంకో రకంగా ఇరుక్కుంది. అక్కడ కొత్తవాడు 1 పాయింట్‌తో మొదలవుతాడు. ప్రశ్న వేయొచ్చు, జవాబూ రాయొచ్చు, కానీ వేరేవాళ్ల పోస్టు కింద చిన్న కామెంట్ పెట్టాలంటే మాత్రం 50 పాయింట్లుండాలి. ఫలితం ఏంటంటే, "నాకూ ఇదే సమస్య, మీకు తీరిందా?" అని కామెంట్‌లో అడగాల్సినవాళ్లు దాన్ని జవాబు పెట్టెలో రాస్తారు, పాతవాళ్లు వచ్చి తిడతారు. చిన్న పని మూసి పెద్ద పని తెరిస్తే జనం పెద్ద తలుపులోంచే వస్తారు.

స్టాక్ ఓవర్‌ఫ్లో కట్టిన ఇద్దరిలో ఒకడైన జెఫ్ యాట్‌వుడ్ తర్వాత డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. అందులో 0 నుంచి 4 దాకా నమ్మకం లెవెల్స్ ఉంటాయి. 0 నుంచి 1కి వెళ్లడానికి డిఫాల్ట్‌గా 5 టాపిక్స్ తెరవాలి, 30 పోస్టులు చదవాలి, మొత్తం 10 నిమిషాలు చదువుతూ గడపాలి. రాయమని ఎక్కడా అడగదు. స్పామర్ చేయలేని పని కాదు గానీ, వాడికి గిట్టుబాటు కాని పని అది. మామూలు మనిషి మాత్రం తనకి తెలీకుండానే ఆ మెట్టు దాటేస్తాడు. నాకు నచ్చిన లెక్క ఇదే.

టెలిగ్రామ్, వాట్సాప్‌లో ఎవరు ఎంత చదివారో అడ్మిన్ కొలవలేడు. దగ్గరగా ఉండేది రోజుల లెక్క. టెక్స్ట్, ఫొటో, వాయిస్ చేరిన నిమిషం నుంచే, లింకులు 3 రోజుల తర్వాత, ఫైళ్లు ఎవరో ఒక పాత మెంబర్ పలానావాడికి ఇవ్వొచ్చు అని చెప్పాక. అమ్మకాలు మాత్రం నెల దాటాకే. సెకండ్ హ్యాండ్ ఫోన్ ఫొటో పెట్టి, "ఇద్దరు అడుగుతున్నారు బ్రో, 2,000 అడ్వాన్స్ కొట్టి బ్లాక్ చేసుకో" అని యూపీఐ ఐడీ పంపేవాడు ఎక్కువగా కొత్త అకౌంటే. డబ్బు పోయాక అడ్మిన్ ఎన్ని బ్యాన్లు కొట్టినా ఆ 2,000 తిరిగి రావు.

పక్కదారిలో వచ్చేవాళ్లు

గ్రూపులో అన్నీ మూసినా ప్రైవేట్ మెసేజ్ మిగిలే ఉంటుంది. కొత్తవాడు సమస్య రాయగానే, మీ పేరూ మీ డీపీ పెట్టుకున్న ఒక నకిలీ అడ్మిన్ అతన్ని డీఎంలో పలకరిస్తాడు: "టీమ్‌వ్యూయర్ పెట్టు, నేను చూస్తా." కొత్తవాడికి అసలు అడ్మిన్ ఎవరో తెలీదు కాబట్టి అతనే తేలికగా దొరికే చేప. టెలిగ్రామ్ పెద్ద గ్రూపుల్లో మెంబర్ల జాబితాని దాచే సెట్టింగ్ ఉంది, ఆన్ చేయండి. దాంతో లిస్ట్ మొత్తం లాగి మెసేజ్‌లు పంపడం కష్టమవుతుంది. గ్రూపులో మాట్లాడేవాళ్లు మాత్రం ఎలాగూ కనిపిస్తారు. అందుకే వెల్‌కమ్ మెసేజ్ ఆఖర్లో ఈ ఒక్క లైన్ తప్పకుండా పెట్టండి: "ఈ గ్రూపు అడ్మిన్లు ఎవరూ మీకు ముందుగా డీఎం చేయరు." రాసినందుకు మీరు కూడా పాటించాలి. మంచి ఉద్దేశంతో అయినా కొత్తవాళ్లని డీఎంలో పలకరించే అలవాటున్న అడ్మిన్, నకిలీవాడి పని సులువు చేస్తున్నట్టే.

ఒక్కోసారి గంటలో వందల ఖాతాలు మీద పడతాయి. అప్పుడు మొత్తం తాళం వేయడం కరెక్టే, మొహమాటం అక్కర్లేదు. చిక్కంతా తర్వాతే. దాడి అయిపోయాక తాళం తీయడం ఎవరికీ గుర్తుండదు. వేసినవాడు వేరే అడ్మిన్ తీస్తాడనుకుంటాడు, ఆ వేరే అడ్మిన్‌కి వేసిన సంగతే తెలీదు. నెల తర్వాత "గ్రూపు డల్ అయిపోయింది బ్రో, కొత్తవాళ్లెవరూ మాట్లాడట్లేదు" అనుకుంటారు. టెలిగ్రామ్‌లో రీసెంట్ యాక్షన్స్ తెరిస్తే ఎవరు ఏం మార్చారో కనిపిస్తుంది, కానీ 48 గంటల వరకే. అందుకని తాళం వేసిన మనిషే అడ్మిన్ల గ్రూపులో "రేపు సాయంత్రం 6కి తీయాలి" అని రాసి, ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది. రెండో నంబర్ ఉన్న అడ్మిన్ ఒకరు నెలకోసారి కొత్త అకౌంట్‌తో సొంత గ్రూపులోనే చేరి, ఒక మామూలు ప్రశ్న, ఒక స్క్రీన్‌షాట్ పెట్టి చూడాలి. ఎక్కడ ఆగిందో అప్పుడు తెలుస్తుంది.